మైరన్ పేరున ఆట

"ఎఫ్రెన్ మళ్ళీ పడ్డాడు!"

మెట్ల మీంచి ఎవరో అరిచారు. ఐస్ హాకీ ఆడే ఆ మంచు రింకంతా గొల్లున నవ్వింది.

ఈసారి ఒక్కడే పడలేదు. తన జట్టులోనే ఆడుతున్న గార్త్‌ని, అంటే లరీసా మొగుణ్ణి, కూడా పడేశాడు. ఆ సందు చూసుకుని పక్క ఊరివాళ్ళు గోల్ కొట్టేశారు.

"అతన్ని మాత్రం మార్చకండర్రా!" పక్క ఊరి కెప్టెన్ కేకేశాడు. "మా జట్టులో అందరికంటే బాగా ఆడుతున్నది అతనే!"

మళ్ళీ నవ్వులు. ఎఫ్రెన్ కూడా నవ్వుతూ, మంచు దులుపుకుని లేచాడు.

లరీసా నవ్వలేదు.

ఆ ఆట ఆమె తమ్ముడు మైరన్ పేరున జరుగుతోంది. ఏటా ఫిబ్రవరిలో ఆమే జరిపిస్తుంది. స్కేట్లు కట్టుకున్న మైరన్‌ని ఆపగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే లేడు. మనసుకి పట్టిన జబ్బుతో ఏళ్ళ తరబడి పెనుగులాడి, ఓ వసంతంలో తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఊరు అతని పేరెత్తినప్పుడల్లా గొంతు తగ్గించడం మొదలుపెట్టింది.

"గుసగుసలు నాకొద్దు," అంది లరీసా. "వాడి పేరు గట్టిగా పలకండి."

అలా మొదలైంది ఈ ఆట.

ఎఫ్రెన్ మొదటి ఏడాది నుంచీ వస్తున్నాడు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డవాడు, యాభై దాటినవాడు. ఎవరూ పిలవలేదు. ఆ ఊళ్ళో ఎవరినీ ఎరగడు. భార్య కారు నడుపుతుంటే పక్కన స్కేట్లు ఒళ్ళో పెట్టుకుని అంత దూరం వస్తాడు. "మా మైరన్ మీకెలా తెలుసు?" అని లరీసా ఓసారి అడిగితే, "చాలా మంచి ఆటగాడని తెలుసు," అని ఊరుకున్నాడు.

విరామంలో లరీసా నేరుగా అతని దగ్గరికి వెళ్ళింది.

"ఎఫ్రెన్ గారూ, మిగతా ఆట మీరు బయట కూర్చుంటారా?"

"నేనా?"

"ఏటా ఓడిపోతున్నాం. ఈ ఒక్కసారైనా వాడి పేరున మేం గెలవాలి. ఏమీ అనుకోకండి. వంటగదిలో వేడివేడి పెరోగీ కుడుములున్నాయి, కడుపు నిండా తినండి."

అతను ఒక్క క్షణం మంచు వైపు చూశాడు.

"మీ తమ్ముడి ఆట. మీరెలా అంటే అలాగే," అన్నాడు.

వంగి స్కేట్ల తాళ్ళు విప్పుకున్నాడు.

లరీసా అనుకున్నట్టే జరిగింది. గెలిచారు. గార్త్ కుంటుకుంటూనే గంతులేశాడు.

రింకు వంటగదిలో లరీసా అందరికీ వడ్డిస్తుంటే ఎఫ్రెన్ భార్య నెనిత వచ్చింది.

"వెళ్ళొస్తామమ్మా. వచ్చే ఏడాది ఇక రాలేం. వాంకూవర్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాం."

"అయ్యో! ఆయనకి నా మీద కోపమొచ్చిందా?"

"కోపమా! ఆయనకది చేతకాదు. కార్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు."

"ఆట మాన్పించినందుకా?"

నెనిత గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

"చెప్పొద్దన్నాడు. ఆసుపత్రిలో పనిచేసినవాళ్ళు అక్కడి రోగుల సంగతులు బయట చెప్పకూడదట. అక్కడ పనిచేసింది ఆయన. నేను కాదుగా!"

"ఏ ఆసుపత్రి?"

"మీ తమ్ముడున్నదే. మా ఆయన ఆ వార్డులో అటెండరు. ఈ దేశంలో ఏళ్ళ తరబడి ఉన్నా అప్పట్లో ఆయనకి మంచు మీద అడుగెయ్యాలంటే వణుకు. మైరన్ ఊరుకోలేదు. బూట్లు విప్పించి, మేజోళ్ళతో వార్డు నున్నటి నేల మీద జారడం నేర్పాడు. 'మోకాళ్ళు వంచు, తల ఎత్తు' అని ఒకటే అదిలింపట. మీ తమ్ముడు పోయాక ఈయన వెళ్ళి స్కేట్లు కొనుక్కొచ్చాడు."

బయట కారు హారన్ మోగింది. నెనిత లరీసా చెయ్యి నొక్కి, గబగబా వెళ్ళిపోయింది.

లరీసా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తేరుకుని ఏప్రన్‌తోనే బయటికి పరుగెత్తేసరికి కారు పెద్దరోడ్డు ఎక్కేసింది.

లోపలికి వస్తుంటే గార్త్ ఎదురొచ్చాడు.

"ఏమైంది లరీసా? ఎవరికోసం ఆ పరుగు?"

"మైరన్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఏం చెప్పేవాడు?"

గార్త్ ఇబ్బందిగా కదిలాడు. "ఇప్పుడెందుకే అవన్నీ? 'అక్కా, ఇక్కడ నాకో శిష్యుడు దొరికాడు, స్కేటింగ్ నేర్పుతున్నా, వాడు మన రింకులో ఆడి తీరతాడు' అనేవాడు. ఆసుపత్రిలో స్కేటింగేమిటి, పాపం జబ్బు ముదిరిందని నువ్వు ఫోన్ పెట్టేసి ఏడ్చేదానివి."

లరీసా తిన్నగా వెళ్ళి మైకు అందుకుంది. తింటున్నవాళ్ళందరూ తలెత్తారు.

"గెలిచాం. సంతోషం," అంది. "జబ్బు మనిషి మాటలన్నీ జబ్బు మాటలే అనుకున్నాం మనం. ఆసుపత్రిలో తనకో శిష్యుడు దొరికాడని మైరన్ చెప్పింది నిజం. ఇందాక నేను బయట కూర్చోబెట్టిన ఆ ఎఫ్రెనే మా తమ్ముడి శిష్యుడు."