సాండా బలహీనత

“చలి కాదమ్మాయ్. చలి ఈమెని ఏమీ చెయ్యలేదు,” అన్నాడు పాంఫిల్, కళ్ళజోడు కంప్యూటర్ తెరకు తగిలేంత ముందుకు వంగి.

తెర మీద బూడిదరంగు స్వెట్టర్ వేసుకున్న స్త్రీ ఒక బల్ల ముందు కూర్చుని ఉంది. పైన ఆమె పేరు, సాండా. పక్కన ఆమె గుణాలు. జ్ఞాపకశక్తి: ఒకసారి చదివిన పేజీ మరిచిపోదు. వేళ్ళు: చీకట్లో కూడా టైపు చేస్తాయి. అబద్ధం: కళ్ళు దించకుండా ఆడుతుంది. బలహీనత: చలి. గది చల్లబడేకొద్దీ మూలన ఒక నీలం గీత పెరుగుతుంది. అది నిండితే ఆమె, ప్రభుత్వానికి వ్యతిరేకంగా తనతో పనిచేసిన నలుగురి పేర్లు చెప్పేస్తుంది. ఆ నలుగురి అరెస్టుతో ఆటలో తర్వాతి అధ్యాయం మొదలవుతుంది.

ఆ పాత్రను తయారుచేసింది ఇలింకా. ఆ సాండా ఆమె తల్లి. ఆ సంగతి పాంఫిల్‌కి చెప్పలేదు. చెబితే మొహమాటానికి మంచిమాటలే చెబుతాడని భయం. కమ్యూనిస్టుల కాలంలో రహస్య పోలీసుల భవనం లోపల ఎలా ఉండేదో తెలిసినవాళ్ళు కావాలని క్లుజ్‌ ఊరి పత్రికలో ప్రకటన వేస్తే, శుభ్రంగా గడ్డం గీసుకుని, టై కట్టుకుని వచ్చిన ముసలాయన అతనొక్కడే.

“తాతా, ఏదో ఒక బలహీనత ఉండాలి,” అన్నాడు రేముస్. ఆటకి బొమ్మలు వేసేది అతనే. “లేకపోతే ఆడేవాడికి విసుగు పుడుతుంది.”

“పుట్టింది బాబూ, అక్కడున్న అందరికీ పుట్టింది,” అని పాంఫిల్ నవ్వి, ట్సూయికా సారా గ్లాసులో మిగిలిన గుక్క తాగాడు. “అయినా ఆ బల్ల అవతల ప్రశ్నలడిగేవాడు అలా అరుస్తాడేమిటి? అక్కడ ఎవరూ అరిచేవాళ్ళు కాదు. తలుపులు కూడా మెల్లగా వేసేవాళ్ళు.”

రేముస్ ఆ మాట రాసుకున్నాడు.

ఇలింకా రాసుకోలేదు. చలిని ఆమె చాలా ఆలోచించి ఎంచుకుంది. భయం అని రాస్తే తల్లి చిన్నదైపోతుంది. నొప్పి అని రాస్తే ఆ గది తన కళ్ళముందు నిలబడుతుంది. చలి అయితే తప్పు ఒంటిది, మనిషిది కాదు. పోయిన చలికాలం కన్నుమూసేదాకా సాండా ఒకటే మాట అనేది, “నేనెవరి పేరూ చెప్పలేదు,” అని. “చెప్పినా తప్పులేదమ్మా, అక్కడ ఎవరైనా చెబుతారు,” అనేది ఇలింకా. అది క్షమించడం అనుకునేది. ఆ మాట విన్న ప్రతిసారీ తల్లి ముఖం గోడవైపు తిప్పుకునేది. ఎందుకో కూతురు అడగలేదు. ఆ నలుగురిలో ఇద్దరు తిరిగి రాలేదు. తల్లి శవపేటిక వెనక నడవడానికి వీధిలోంచి ఒక్కరూ బయటికి రాలేదు.

“చలి కాకపోతే ఆకలా?” అంది ఇలింకా.

“రొట్టె పెడితే వెనక్కి తోసేది.”

“నిద్రపోనివ్వకపోతే?”

“నిలబడే నిద్రపోయేది, గుర్రంలా. మొండిఘటం!” ఆ మాటలో మెచ్చుకోలు ఉంది.

“కొడితే?”

“కొట్టినకొద్దీ నోరు మరీ బిగుసుకునేది. కొంతమంది అంతే.”

ఇలింకా చూపు కీబోర్డు మీదికి దించింది. “ఆమెకో చంటిపిల్ల ఉండేదట. ఆ పిల్ల సంగతి ఎత్తితే?”

పాంఫిల్ తెరవైపు చూస్తూ ఆలోచించాడు. “ఎత్తారు. ఏడ్చింది. పాలు వచ్చి స్వెట్టర్ తడిసిపోయింది పాపం. కానీ చెప్పలేదు.”

రేముస్ కుర్చీలో కదిలి, “కాస్త బయటికి వెళ్దామా?” అన్నాడు ఇలింకాతో, లోగొంతుకతో. ఆమె తల అడ్డంగా ఊపింది.

“మరి నలుగురూ దొరికిపోయారు కదా తాతా?” అన్నాడు రేముస్. “ఈమే చెప్పిందని ఊరు ఊరంతా అంటుంది. ఈమె చెప్పకపోతే మా ఆట ఇక్కడే ఆగిపోతుంది.”

“ఊరు అంటుంది,” అన్నాడు పాంఫిల్. “ఎందుకనదు?”

ఇలింకా ‘చలి’ అన్న మాటను చెరిపేసింది. నీలం గీత మాయమైంది. తెర మీద స్త్రీ అలాగే కూర్చుని ఉంది, ఎవరూ ఆడించని పాత్రలాగా, అప్పుడప్పుడు రెప్పలార్పుతూ. ‘బలహీనత’ పక్కన ఖాళీ. ‘ఏమీ లేదు’ అని ఈయన ఒక్క మాట అంటే చాలు, అనుకుంది ఇలింకా. ఆ మాట అన్నాక తనేమైపోతుందో మాత్రం ఆలోచించడానికి ధైర్యం చాల్లేదు.

“మరి ఇక్కడ ఏం రాయమంటారు?”

“ఆమెలో వెతికితే దొరకదమ్మాయ్.” పాంఫిల్ వెనక్కి వాలాడు. పని తెలిసినవాడు తెలియనివాళ్ళకి చెప్పేటప్పటి ఓపిక ఆ ముఖంలో ఉంది. “ఆ పేర్లు ఆ నలుగురిలోనే ఒకడు అంతకుముందే చెప్పేశాడు. వాడు ఇంకా పనికొచ్చేవాడు, వాడి మీదికి అనుమానం పోకూడదు.”

“అందుకని?”

“అందుకని ఆదివారం, జనం చర్చి నుంచి వచ్చే వేళకి, అప్పట్లో ఎవరికీ దొరకని అసలైన కాఫీ పొట్లం ఒకటి ఆమె చేతిలో పెట్టి, మా కారులోనే ఇంటి ముందు దింపాం. దిగేటప్పుడు తలుపు తీసి, టోపీ ఎత్తి, అందరికీ వినపడేలా కృతజ్ఞతలు చెప్పింది నేనే.”