రంగు వేసిన ముఖం

ఊరేగింపు ఇంకా గుడి దాటనే లేదు, చెంప ఛెళ్ళుమంది.

కొట్టింది ట్యూషన్ సెంటర్ నడిపే పెయ్-జెన్. దెబ్బ తిన్నది గుడి డప్పుల బృందం నడిపే, దేవుడి భటుడి వేషంలో ఉన్న అ-బిన్.

ఎర్ర రంగు ఆమె అరచేతికి అంటుకుంది.

"సిగ్గులేదూ? పదహారేళ్ళ పిల్లని చదువు మాన్పించి డప్పు కొట్టిస్తావా?"

అ-బిన్ పలకలేదు.

"ఒళ్ళంతా పచ్చబొట్లు, వెనక రౌడీ మూక! నోరు పెగలదేం?"

కూతురు యున్-షి డప్పు కింద పెట్టి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ముఖానికి రంగు వేసుకున్నాక మాట్లాడకూడదు. నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు? తప్పు చేసినవాళ్ళకి భలే కలిసొచ్చే ఆచారం!"

తైవాన్‌లో, తైనాన్ పక్కన మా ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి అనాల్సిన మాటేనా అది? మేం రెండొందల మందిమి నిలబడి చూశాం. ఒక్కరం "అదేంటమ్మా" అనలేదు. అందరి పిల్లలూ ఆవిడ దగ్గరే చదువుతున్నారు మరి! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు ఆమె గుడి పెద్దల మీద విరుచుకుపడింది. వాళ్ళు హడలిపోయి, చదువుకునే పిల్లలు డప్పుల వైపు రాకూడదన్నారు.

అ-బిన్ మారుమాట్లాడకుండా ఊరొదిలి వెళ్ళిపోయాడు.

పన్నెండో రోజున ఆస్పత్రి నుంచి ఫోను. కొండదారిలో బైకు పందెం. వెనక కూర్చున్న యున్-షికి కాలు మూడు చోట్ల విరిగింది. మళ్ళీ నడుస్తుందో లేదో చెప్పలేమన్నారు.

"అంతా ఆ అ-బిన్ గాడి వల్లే! వాడే అలవాటు చేశాడు!" పెయ్-జెన్ పోలీసాయన మీద అరిచింది.

"కాదు మేడమ్. డప్పులకి రాకముందే ఈ పందేలకి వెళ్ళేది. మార్చిలో ఓసారి దొరికింది. మీకు ఫోన్ చేశాం."

"నాకా?"

"క్లాసులో ఉన్నాను, వాళ్ళ నాన్నకి చెయ్యండన్నారు. ఆయనేమో వాళ్ళమ్మనే అడగండన్నారు. సంగతి విని స్టేషన్‌కి వచ్చింది అ-బిన్ ఒక్కడే."

"వాడికేం పని?"

"అదే మేమూ అడిగాం. ఈ పిల్ల ఇంట్లో ఎవరూ లేని వేళ ఏదని అతను మమ్మల్ని ఎదురడిగాడు."

పెయ్-జెన్ బెంచీ మీద కూర్చుంది. పోలీసాయనే చెప్పాడు.

"సాయంత్రం ఆరింటికి మీరు క్లాసులో ఉంటారు, మీ ఆయన ఆఫీసులో ఉంటారు, బైకులు కొండెక్కేదీ అప్పుడే. సరిగ్గా ఆ వేళకే రోజూ డప్పులు పెట్టి, మీ అమ్మాయిని ఏడు నెలలు బండెక్కకుండా ఆపింది మీరు కొట్టిన ఆ మనిషేనండీ."