తిరగబడ్డ పులి

“రాసుకో. ‘లిపు’ అంటే ఒక పాత విదేశీ భాషలో మెరుపు అని అర్థం.”

“ఏ భాష సార్?”

“చచ్చిపోయిన భాష. అబద్ధమనడానికి ఎవడూ మిగల్లేదు.”

చరిత్ర రాయడానికి వచ్చిన అమ్మాయి కలం ఆపింది. అరచేతిలో ఇమిడే లోహపు బొమ్మకార్లు చేసే లిపు కంపెనీ పుట్టుక మీద పుస్తకం వేయాలని ఆఫీసువాళ్లు ఆమెను పెట్టుకున్నారు. వార్షికోత్సవం ముంచుకొస్తోంది. మొదటి అధ్యాయం మాత్రం పెద్దాయన నోట్లోంచి ఊడిపడటం లేదు. కంపెనీ పెట్టింది ఆయనే కాబట్టి ఆయన చెప్పిందే చరిత్ర. రోజుకొకటి చెప్పడమే చిక్కు. నిన్నటికి లిపు అంటే ఒక పక్షి.

“ఆ కోతలు కట్టిపెట్టండి,” అంది పెద్దావిడ, కాఫీ కప్పులు మొగుడి ముందు టక్కున పెడుతూ. “పుస్తకంలో మా తమ్ముడి ఊసు ఉంటేనే నేను సభకు వచ్చేది.”

“అయితే ఇంట్లోనే ఉండు. హాయిగా టీవీ చూసుకో.”

తమ్ముడనగానే అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది. “అసలేం జరిగింది సార్?”

పెద్దాయనకు ఈ కథ చెప్పడం ఇష్టం లేదు. కానీ బావమరిదిని తిట్టే అవకాశం వదులుకోవడం అంతకన్నా ఇష్టం లేదు. అప్పట్లో ఆయన చేసేది తలుపు మడతబందులు, గొళ్లేలు. కరిగించిన జింకును ఉక్కు అచ్చులోకి కొడితే, చల్లారాక సరుకు ఊడివచ్చేది. వ్యాపారం ఈగలు తోలుకునే స్థితికి వచ్చాక, అదే యంత్రంతో బొమ్మకార్లు పోద్దామన్న బుద్ధి పుట్టింది. కారు అడుగున తన పేరు ఉండి తీరాలన్నాడు. జనం ఆయన్ని పులి అని పిలిచేవారు.

“ఎందుకు సార్?”

“మీసం చూసి.”

“అరుపులు విని,” అంది పెద్దావిడ.

అచ్చు చెక్కే పని బావమరిదిది. వాళ్ల నాన్న రబ్బరు ముద్రలు చెక్కి బతికినవాడు. ఆ ఇంట్లో పిల్లలు అక్షరాలు తిరగేసి రాయడం నేర్చాకే తిన్నగా రాయడం నేర్చారు.

“ఆ వారం వాడు షెడ్డులో కనబడితే ఒట్టు!” అన్నాడు పెద్దాయన. “ఎవరో పిల్ల వెంట పడి తిరుగుతున్నాడు. అచ్చు మాత్రం వేళకి బల్ల మీదికొచ్చింది. సరేలే, పని చేశాడనుకున్నా. మొదటి విడత పోసి కారు తిరగేసి చూద్దును కదా, పులి లేదు. లిపు!”

“అచ్చులో అక్షరాలు తిరగేసి చెక్కాలి, వరస కూడా తిరగెయ్యాలి,” అని పెద్దావిడ అమ్మాయికి విడమరిచింది. “అప్పుడే బొమ్మ మీద సరిగ్గా పడుతుంది. అక్షరాలు తిరగెయ్యడం అయింది, వరస తిరగెయ్యడం మరుపయింది. అంతే కదా! మనిషన్నాక పొరపాటు జరగదా?”

“జరుగుతుంది. నా దగ్గర జరక్కూడదు. ఆ అచ్చు చెక్కిన మనిషి నా గడప తొక్కకూడదని ఆ రోజే ఒట్టు పెట్టాను. నలభై ఏళ్లయింది. ఇంతవరకూ తప్పలేదు.”

పెద్దావిడ చక్కెర డబ్బా మూత బిగించింది, తీసింది, మళ్లీ బిగించింది.

“మరి ఆ కార్లేం చేశారు?” అంది అమ్మాయి.

కరిగించి పారేద్దామనుకున్నాడు. కొలిమికి గ్యాసు లేక, ఉన్నవి ఉన్నట్టే దుకాణాలకు తోలాడు. దుకాణదారు కారు తిరగేశాడు, ‘లిపు’ అని చదివాడు, విదేశీ సరుకనుకుని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. విదేశీ పేరు మన అక్షరాల్లో ఎందుకుందని ఒక్కడూ అడగలేదు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి ఏడ్చారు. ఆ ఏడుపుల మీదే ఇప్పుడున్న ఫ్యాక్టరీ లేచింది.

“సార్, పులి అని సరిగ్గా పడి ఉంటే?”

పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. “ఇప్పటికీ గొళ్లేలు చేసుకుంటూ ఉండేవాణ్ణి. ఇది మాత్రం రాయకు.”

“రాస్తాను సార్.”

పెద్దావిడ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఈసారి గొంతులో వెటకారం లేదు. “ఏమండీ, వాడికీ వయసు మీద పడింది. ఇన్నేళ్లుగా తోడబుట్టినవాణ్ణి గేటు బయట నిలబెట్టి మాట్లాడుతున్నాను. నాకు సిగ్గుగా ఉంది. నేను పోయేలోపు ఒక్క పూటైనా వాడు లోపలికొచ్చి, నేను వడ్డించింది తినాలి.”

అంటూనే ఏడ్చేసింది. ఆవిడ మొగుడి మీద అరవడమే గానీ ఏడవడం అంతగా లేదు.

“వాడెక్కడున్నాడు?” అన్నాడు పెద్దాయన.

“గేటు దగ్గరే. పొద్దుటి నుంచీ.”

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. పెద్దాయన చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి గేటు తీశాడు. బయట బట్టతల బావమరిది గోడకు ఆనుకుని కునికిపాట్లు పడుతున్నాడు.

“లోపలికి తగలడు.”

బావమరిది గుమ్మం దాకా వచ్చి ఆగాడు. “ఒట్టు సంగతేంటి బావా?”

“తీసి గట్టు మీద పెట్టాను.”

“అలా కాదు, నోటితో చెప్పు. ఈ అమ్మాయి సాక్షి.”

“ఇన్నేళ్లకి దొరికాననా ఈ టెక్కు! సరే విను. ఆ అచ్చు చెక్కిన మనిషిని మనస్ఫూర్తిగా క్షమించాను. చాలా?”

“మళ్లీ మాట మార్చవు కదా?”

“మార్చను. రాసుకో అమ్మాయీ, ఇది మాత్రం నిజం.”

బావమరిది గడప దాటి, వంటింటి వైపు తిరిగి గొంతెత్తాడు.

“అక్కా, బావ నిన్ను క్షమించేశాడు!”