తడి గోనెలు

అచ్చమ్మ గోనెపట్టాని బకెట్లో ముంచి పిండేసి, మట్టిబొమ్మ భుజాల మీద కప్పుతోంది.

కొత్తపేటలో శిల్పి దుర్గారావు ఇంటి పెరటి షెడ్డులో రోజూ నాలుగుసార్లు జరిగే పని అది. తడి ఆరితే మట్టి బీటలు తీస్తుంది.

రేవు దాటించే పంటు పడవ దిగుతున్న తల్లి, చంకలో బిడ్డ. జొన్నాడలో గోదావరి ఒడ్డున పెట్టాల్సిన బొమ్మ.

తల్లి దుర్గారావు వంతు. అతను చేస్తే చీర కుచ్చిళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

బిడ్డ యామిని వంతు. విశాఖలో చదువుకొచ్చిన ఆ అమ్మాయి బొమ్మలకి కళ్ళూ ముక్కూ ఉండవు, వేలిముద్రలుంటాయి.

ఇద్దరూ కలిసి చెయ్యాలన్నది బొమ్మ పెట్టిస్తున్న కమిటీవాళ్ళ ముచ్చట.

"నా తల్లిబొమ్మ చెయ్యి మీ ముద్ద మీద ఆనడం లేదండీ," అన్నాడు దుర్గారావు.

"ముద్ద కాదు మాస్టారూ, బాబు. మీ తల్లిబొమ్మే వాణ్ణి పరాయిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుంది."

అచ్చమ్మ బకెట్టు దించింది. "బాబుగారండీ, ఆ చేతిలోంచి బిడ్డ జారిపోతాడండి."

"నువ్వు నీళ్ళు చల్లు, చాలు."

"ఆయ్."

నెల కిందట ఐ.పోలవరం నుంచి పని అడుగుతూ వచ్చిన మనిషి. అంతకుముందు ఏం చేసేదో ఎవరూ అడగలేదు.

ఆ పూట మాటా మాటా పెరిగింది. యామిని సంచి తగిలించుకుని రాయవరంలో తన ఇంటికి వెళ్ళిపోయింది.

"ఎండిపోనీ. రేపట్నించి ఎవరూ నీళ్ళు చల్లక్కర్లేదు," అని దుర్గారావు షెడ్డు తాళం భార్య సత్యదుర్గ చేతిలో పడేసి, రాజోలులో ఏదో చిన్న పని ఉంటే పోయాడు.

తొమ్మిది రోజులు. రోహిణీ కార్తె ఎండలు.

పదోరోజు చూడ్డానికి వస్తున్నామని కమిటీవాళ్ళ కబురు. నచ్చితేనే పోత పొయ్యడానికి అచ్చు తీయడం. లేకపోతే పని ఇంకొకరికి.

రాజోలు నుంచి బస్సులో వస్తున్నంతసేపూ అతని కళ్ళముందు బీటలే. ఇంత పెద్ద పని ఈ వయసులో మళ్ళీ వస్తుందా?

గేటు దగ్గర యామిని నిలబడి ఉంది. ముఖం పీక్కుపోయింది. ఇద్దరూ పలకరించుకోలేదు.

షెడ్డులోకి వెళ్ళి గోనె మీద చెయ్యి వేశాడు.

చల్లగా తగిలింది.

పట్టాలు తీశారు. ఒక్క బీట లేదు.

ముడుచుకున్న తల్లి వేళ్ళు విచ్చుకుని బిడ్డ నడుం కింద ఉన్నాయి. బిడ్డ తల ఆమె భుజం మీదకి వాలింది. నున్నటి చెయ్యీ గరుకు వీపూ ఎక్కడ అతుక్కున్నాయో తెలియడం లేదు.

'పాపం, ఈ పిల్లే తగ్గి వచ్చింది,' అనుకున్నాడు. అడిగితే చిన్నబుచ్చుకుంటుందని అడగలేదు.

కమిటీ పెద్దాయన చాలాసేపు చూశాడు.

"పిల్లాడు నిద్రపోయేడండీ," అన్నాడు, గొంతు తగ్గించి. "అచ్చు తీయించెయ్యండి."

కారు వెళ్ళిపోయాక దుర్గారావు అరుగు మీద కూలబడ్డాడు. పది రోజుల తర్వాత టీ రుచి తెలిసింది.

"యామినిగారూ, నా తల్లిబొమ్మ వేళ్ళు భలే విప్పేరండి."

"నేనా? మా బాబుని వాల్చింది మీరు కాదా మాస్టారూ?"

ఇద్దరూ ఒకేసారి షెడ్డు వైపు తిరిగారు.

"అచ్చమ్మండీ," అంది సత్యదుర్గ గుమ్మంలోంచి. "తాళం నేనే ఇచ్చేను. వద్దన్నారు కదే అంటే, బిడ్డకి ఎండ తగులుద్దండి అంది."

"నాకు చెప్పలేదే?"

"మీరు అడిగేరా?"

"ఏదీ, పిలు."

"కమిటీవాళ్ళు కారు దిగుతుంటే వెళ్ళిపోయిందండీ. రేపు విమానం. కువైట్ అంట. సెలవుకొచ్చినా చేతులు ఊరుకోక మన పనికొచ్చిందంట."

షెడ్డులో బకెట్టు శుభ్రంగా బోర్లించి ఉంది.

"అక్కడేం పని?" అంది యామిని.

"పిల్లల్ని ఎత్తుకోవడమే. పద్దెనిమిదేళ్ళూ అదే. ఏడుగుర్ని పెంచిందంటమ్మా, ఒక్కడూ తన కడుపున పుట్టినవాడు కాదు."

దుర్గారావు గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని, ఐ.పోలవరం బస్సు కోసం బస్టాండు వైపు బయల్దేరాడు.