కారు రాని సందులో ఇల్లు

"ఈ లారీ లోనేంటండీ?" కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా అడిగింది బ్యాంకు మేనేజరు. "మధ్యలో పద్నాలుగు నెలలు ఒక్క వాయిదా కూడా పడలేదు. ఇప్పుడు కడుతున్నారు, సరే. కానీ సిబిల్ స్కోరు ఐదొందల డెబ్భై. దీనికి ఇంటి లోను రాదు."

త్రినాధరావు ఫైలు మూసేశాడు. "ఏం చేత్తే వత్తాదండి?"

"మిగిలిందంతా కట్టేయండి. లోనిచ్చినవాళ్లు కొంత తగ్గిస్తాం, సెటిల్ చేసుకోమంటారు. ఒప్పుకోకండి, ఆ మచ్చ రిపోర్టులో ఉండిపోతుంది. పూర్తిగా కట్టి, బాకీ లేదని కాగితం తీసుకోండి. ఆ తర్వాత కొన్నాళ్లాగి రండి."

అతనికి నలభై మూడేళ్లు. అనకాపల్లి నుంచి రోలుగుంట వెళ్లే బస్సులో కండక్టరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం మధ్యే ఉంటాడు. డ్యూటీ దిగితే పలకరించే మనిషి ఉండడు. తల్లి పోయి ఎనిమిదేళ్లయింది. పెళ్లి సంబంధాలు వచ్చాయి గానీ, జీతంలో సగం లోనుకే పోతోందని తెలిశాక వచ్చినవాళ్లు మళ్లీ రాలేదు. టైర్ల షాపు మీద అద్దె గది. ఆదివారాలు ఆ గదిలో ఉండలేక, సెలవైనా డిపోకి వెళ్లి బెంచీ మీద కూర్చునేవాడు.

"బస్సు సాల్లేదేటి బావా నీకు, లారీ కావలసొచ్చిందీ?" అని డ్రైవర్ సూరిబాబు ఎగతాళి చేసేవాడు. అతను నవ్వి టికెట్ల సంచీ సర్దుకునేవాడు.

అతను కొనాలనుకున్న ఇల్లు గవరపాలెంలో ఉంది. కారు రాని సందు. రెండు గదులు, వెనక పెరడు. గోడ మీద 'ఇల్లు అమ్మబడును' అని రాసిన అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఇంటావిడ కాసులమ్మకి అరవై దాటాయి.

బ్యాంకు కాదన్న రోజే ఆమె దగ్గరికి వెళ్లాడు. "ఓ ఏడాదిన్నర ఆగ్గలవా పిన్నీ?"

"ఆగక ఏటి సేత్తాను నాయనా? మూడేళ్లుగా అడిగినోడు లేడు. అయినా నీకీ కొంపెందుకు? బైపాసు పక్కన మంచి మంచి అపార్ట్‌మెంట్లు కడతన్నారు. అటు సూసుకో."

"నాకిదే కావాలి."

"ఇందులో ఏటుందని?"

అతను పెరట్లోకి చూస్తూ, "పిల్లల్లేరా?" అన్నాడు.

"ఒక్కడే. ఎక్కడున్నాడో తెల్దు." ఆమె చీపురు తీసుకుని, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. "ఇల్లమ్మితే ఊళ్లో ఇవ్వాల్సినోళ్లకి ఇచ్చేసి, రాంబిల్లిలో మా సెల్లెలింటికి పోతాను. ఆళ్లకి మాత్రం నేనెందుకులే."

త్రినాధరావు తన మోటార్ సైకిల్ అమ్మేశాడు. డబుల్ డ్యూటీలు చేశాడు. పండగ రోజు కూడా బస్సెక్కాడు. పదకొండు నెలల్లో లోను తీరిపోయింది. బాకీ లేదన్న కాగితం చేతికొచ్చిన రోజున ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలో తోచలేదు. నడిచి గవరపాలెం వెళ్లాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్లడం అలవాటయింది. ఓసారి కుళాయి బాగుచేశాడు. ఓసారి పగిలిన రేకు మార్చాడు. కాసులమ్మ వేడి అట్టు వేసి పెట్టేది. గోడకున్న ఆమె కొడుకు ఫోటోకి వీపు పెట్టి, గుమ్మం వైపు తిరిగి కూర్చుని తినేవాడు.

"ఇంకా నీదవ్వలేదు కదా నాయనా, ఎందుకింత సాకిరీ?"

"అవుద్ది కదా పిన్నీ."

ఏడు నెలల తర్వాత మేనేజరు ఈసారి నవ్వింది. "ఏడొందల ముప్పై. బాగా కష్టపడ్డారు. మీతోపాటు లోను తీసుకునేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరండి."

"నామినీ?"

ఫారం మీద పెన్ను ఆగిపోయింది. "తర్వాత రాత్తానండి," అన్నాడు.

రిజిస్ట్రేషన్ అయింది. కాసులమ్మ వేలిముద్ర వేసింది. వారం తిరగకుండా ఊళ్లో బాకీలన్నీ తీర్చి, బట్టల సంచీ, రేకు పెట్టె సర్దుకుని గుమ్మం దిగబోయింది. త్రినాధరావు అడ్డంగా నిలబడ్డాడు.

"రెండు గదులు నాకెందుకు పిన్నీ? వెనక గదిలో నువ్వుండు."

"అద్దెంత?"

"వండేటప్పుడు నాకూ ఓ గుప్పెడు బియ్యం ఎక్కువ పొయ్యి. సాలు."

ఆమె పెట్టె కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, పొయ్యి దగ్గరికి వెళ్లింది.

మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అన్నం, వంకాయ పులుసు. సొంతింట్లో మొదటి భోజనం. రెండు ముద్దలు తిన్నాక ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏటైంది పిన్నీ?"

"అందరి బాకీ తీర్సేసేను నాయనా. ఒక్కటే ఉండిపోయింది. మా ధనరాజు లారీ కొని, వాయిదాలు ఎగ్గొట్టి పారిపోయేడు. ఆడికి షూరిటీ సంతకమెట్టిన మారాజు ఎవడో, పేరు కూడా తెల్దు. ఆ అప్పంతా ఆయన మీద పడిందంట. ఇల్లూ పెళ్లీ లేకుండా అయిపోయేడంట. ఒక్కసారి కనబడితే కాళ్లు పట్టుకుందును."

ఆ సంతకం పెట్టిన త్రినాధరావు తలెత్తకుండా కంచం ముందుకు జరిపి, "ఇంకాస్త పులుసు వెయ్యమ్మా," అన్నాడు.