బితాన్ వారి పిల్ల

వాకిట్లో నిలబడ్డ పిల్ల ఇంటిపేరు కొడుకు నోట వినగానే గజాలా చేతిలోని పళ్ళెం నేలకేసి కొట్టినంత పని చేసింది.

“బితాన్ వాళ్ళ పిల్ల నా గడప తొక్కడానికి వీల్లేదు,” అంది కోడలితో.

కోడలు కమారా మాత్రం ఏం చెయ్యగలదు? ఫ్రాన్స్‌లోని మార్సే నుంచి పాతికమంది యూదు పిల్లలు తాతముత్తాతల ఊరు చూడటానికి ట్యునీషియాలోని జెర్బా దీవికి వచ్చారు. యూదులుండే హారా పేటలో ఇంటికొకరిని నాలుగు రోజులు ఉంచుకుంటామని పెద్దలు మాటిచ్చారు. కమారా భర్త షూషాన్ బంగారప్పని చేస్తాడు. ఎవరికీ లేదనలేని మనిషి. వచ్చేదెవరని కూడా అడక్కుండా ఒప్పేసుకున్నాడు.

వచ్చింది షిరెల్. పద్దెనిమిదేళ్ళు. ఖమూస్ బితాన్ మనవరాలు.

ఆ పేటలో ఖమూస్ పేరు ఎత్తితే ఇప్పటికీ ఉమ్మేసేవాళ్ళున్నారు. యాభై ఏళ్ళ కిందట గజాలా చేతులకు గోరింటాకు పండింది. పెళ్ళి రేపనగా పెళ్ళికొడుకు చెప్పాపెట్టకుండా ఓడెక్కి పోయాడు. ఆ అవమానంలోంచి గజాలాను లేవదీసి, ఏడాది తిరక్కుండా ఇల్లాలిని చేసుకున్న మంచిమనిషి షూషాన్ తండ్రి. ఖమూస్ మళ్ళీ ఊళ్ళో అడుగుపెట్టలేదు. కన్నతల్లి పోతే మట్టి వెయ్యడానికి కూడా రాలేదు. ఆ తల్లిని బతికినన్నాళ్ళూ ఒక్క పెళ్ళికి పిలిచినవాళ్ళు లేరు.

కాబట్టి అత్తగారి కోపం కమారాకు అర్థమైంది. మొదటి రోజు.

గజాలా ఆ పిల్లకు మంచి గది ఇవ్వనివ్వలేదు. సామాన్ల గదిలో, నూనె డబ్బాల మధ్య పరుపు వేయించింది. రాత్రి భోజనంలో అందరికీ చేప ముక్కలు వడ్డించి, పిల్ల పళ్ళెంలో తోక పడేసింది. చెంచా కోసం పిల్ల అటూ ఇటూ చూస్తే గజాలా అందుకుంది.

“మీ తాత నీకు చేత్తో తినడం నేర్పలేదా? పారిపోవడం ఒక్కటే నేర్పాడా?”

షిరెల్ చెంచా సంగతి వదిలేసి చేత్తోనే తింది. తాత దగ్గర నేర్చుకున్న వచ్చీరాని అరబ్బీలో, “చాలా బావుంది నాన్నమ్మా,” అంది.

“నేను నీకు నాన్నమ్మను కాను.”

షూషాన్ తల వంచుకుని తిన్నాడు. తల్లికి ఎదురు చెప్పే అలవాటు అతనికి ఏ రోజూ లేదు.

ఒకటి మాత్రం కమారాకు వింతగా తోచింది. కంటపడొద్దన్న పిల్లను అత్తగారు కంటిముందు నుంచి కదలనిచ్చేది కాదు. శుక్రవారం సాయంత్రం కమారా, షిరెల్ కలిసి, శనివారం పొయ్యి ముట్టించకూడదు కనక మర్నాటి కూర కుండను వీధి చివర రొట్టెల బట్టీకి మోసుకెళ్ళారు. మోకాళ్ళ నొప్పులని గడప దాటని మనిషి కర్ర పట్టుకుని వాళ్ళ వెనకాలే బయల్దేరింది. సగం దారిలోనే ఆయాసపడి ఆగిపోయింది. ఇంటికి రాగానే కోడల్ని పక్కకు లాగి, బట్టీ దగ్గర ఆ పిల్ల ఏం వాగిందని అడిగింది.

“వాళ్ళమ్మ నర్సట. ఇంకేం చెప్తుంది అత్తయ్యా?”

“వాళ్ళ తాత సంగతి?”

“ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దన్నది మీరే కదా.”

శనివారం ప్రార్థనలయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పిల్లను చూడటానికి వచ్చారు. చూడటానికి అనేది పేరుకే. పక్కింటి తూమియా పిల్ల గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది.

“కళ్ళు అచ్చం తాతవే. వీటిని నమ్మి ఏ కుర్రాడు మునుగుతాడో పాపం.”

అందరూ నవ్వారు. షిరెల్ చెవులు ఎర్రబడ్డాయి. గజాలా మాత్రం నవ్వకుండా ఆ పిల్ల నోటివైపే చూస్తూ కూర్చుంది.

ఆదివారం పొద్దున్న పిల్లలందరినీ శ్మశానానికి తీసుకెళ్ళారు. ఖమూస్ తల్లి సమాధి దగ్గర షిరెల్ చాలాసేపు కూర్చుందని ఎవరో చెప్పారు. బస్సుకు వేళయింది. సంచీ భుజాన వేసుకుని పిల్ల నేరుగా గజాలా మంచం దగ్గరికి వచ్చింది. మాటల్ని ముందే కూడబలుక్కున్నట్టుంది.

“తాతయ్య మొన్న చలికాలంలో పోయారు. పోయేముందు నాకో పని చెప్పారు. జెర్బా వెళ్ళి గజాలా గారిని చూడు, తప్పంతా నాదే, నన్ను క్షమించమన్నానని చెప్పు, అన్నారు. అందుకే ఈ ఇల్లే కావాలని అడిగి వచ్చాను.”

గజాలా మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఇంకేం చెప్పాడు?”

“ఇంకేం లేదు. మా నాన్నమ్మ ఎన్నిసార్లు అడిగినా కూడా అంతే చెప్పేవారట. తప్పు నాదేనని.”

గజాలా మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది. షిరెల్ నిలబడే ఉంది. బస్సు హారన్ రెండుసార్లు మోగింది. మూడోసారికి పిల్ల చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆమెను బస్సెక్కించి వచ్చిన కమారా ఇక ఆగలేకపోయింది. కాపురానికొచ్చిన పదిహేనేళ్ళలో అత్తగారి ముందు గొంతు పెంచడం అదే మొదలు.

“మనిషి చచ్చిపోయాడత్తయ్యా. చచ్చిపోతూ కూడా మీ క్షమాపణే అడిగాడు. నాలుగు రోజులు ఆ పిల్లను కాల్చుకు తిన్నారు, సరే. క్షమించానని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయేది?”

గజాలా గోడవైపు నుంచి తిరగలేదు.

“ఏమని క్షమించనే,” అంది, “పెళ్ళి ముందురోజు ‘నా మనసు ఇంకొకరి మీదుంది, నింద నా మీద పడకుండా నువ్వే ఊరొదిలి పో’ అని అతని కాళ్ళు పట్టుకున్నది నేనైతే?”