చిన్న రాయి

"నీకు ఓటుందా?" అని అడిగాడు తాతయ్య, కాటా పళ్ళేన్ని గుడ్డతో తుడుస్తూ.

"లేదు," అంది చిట్టి.

"మరి ఓటు లేని మాటని ఏ తక్కెడలో వేసి తూచమంటావే?"

పదహారేళ్ళ చిట్టికి ఒళ్ళు మండింది. సాయంత్రం వ్యాపారుల సమావేశానికి అభ్యర్థి వస్తున్నాడు. గెలిస్తే వీధి మొదట్లోని బస్టాపును పెద్దరోడ్డు అవతలికి మార్చి, ఆ జాగాలో కార్లు ఆపుకునే ఏర్పాటు చేస్తానని ఆయన మాట. వీధి వీధంతా సంబరంగా ఉంది. అందరి తరఫునా ఒక్కరే మాట్లాడాలనుకున్నారు. ఆ ఒక్కరూ వీధికి పెద్ద, అందరూ కాటాల తాత అని పిలిచే తాతయ్యే.

"బస్టాపు అటు పోతే మా స్కూలు పిల్లలంతా లారీల మధ్యలోంచి పరుగెత్తాలి తాతయ్యా. వద్దని చెప్పు."

"మీ స్కూల్లో ఒక్కడికైనా ఓటుందా?"

"మళ్ళీ అదే పాట!"

లోపల్నుంచి నాయనమ్మ నవ్వింది. "దానికి అన్నీ మీ పోలికలే. పట్టిన పట్టు వదలదు."

"నా పోలికే అయితే లాభం లేని బేరానికి నోరు పారేసుకోదు," అన్నాడు తాతయ్య.

నోరు దాచుకున్నవాడికే సరుకు అమ్ముడుపోతుందన్నది ఆయన లెక్క. కుర్రతనంలో సరిహద్దు అవతలి నుంచి భుజాన ఒక్క కాటాతో వచ్చి, ఆ లెక్కతోనే దుకాణం పెట్టి నిలదొక్కుకున్నాడు. ఏటా ఒకసారి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాటాలకి తూకం ముద్ర వేయించుకొస్తానని సర్కారు ఆఫీసుకు వెళ్ళేవాడు. కాటాలు మోసుకెళ్ళకుండా ముద్ర ఎలా వేస్తారని చిట్టి అడిగితే, "పెద్దాళ్ళ విషయాలు నీకెందుకు?" అనేవాడు.

అంత తక్కువ మాట్లాడే మనిషి మాటకి వీధి చెవి కోసుకునేది. ఈసారి గాలి ఎటుందని అడిగితే ఆయన అనే రెండు ముక్కలు పొద్దుగూకేలోపు వీధి చివరికి చేరిపోయేవి. "ఇంతకీ నువ్వెవరికి వేస్తావు తాతా?" అంటే మాత్రం, "గుప్పిట మూసి ఉంటేనే విలువ," అని నవ్వేసేవాడు.

అంతలో కూరగాయలమ్మే ఆవిడ కాటా కొనడానికి వచ్చింది. తాతయ్య పెట్టెలోంచి అన్నిటికన్నా చిన్న తూకపు రాయి తీసి పళ్ళెంలో పెట్టాడు. ముల్లు చటుక్కున కదిలింది.

"పెద్ద రాయికి ఏ కాటా అయినా వంగుతుందమ్మా. చిన్న రాయికి కదిలితేనే అది కాటా."

ఆవిడ డబ్బిచ్చి, కాటా చంకన పెట్టుకుని బస్టాపుకేసి నడిచింది. ఆమె బస్సెక్కేదాకా చూసి చిట్టి అడిగింది.

"తాతయ్యా, కారులో వచ్చి కాటా కొన్నవాణ్ణి ఎప్పుడైనా చూశావా?"

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది.

"ఇంకో మాట. కాటాకి పెట్టే పరీక్ష మనుషులకెందుకు పెట్టవు? నేను చిన్న రాయినే. మీరెవ్వరూ కదలరేం?"

"నీ నాలుకకి ముందు ముద్ర వేయించాలి," అన్నాడు తాతయ్య. కానీ నవ్వలేదు. చిన్న రాయిని పెట్టెలో పెట్టబోయి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం బట్టల షాపు మేడ మీద కుర్చీలన్నీ నిండాయి. చిట్టి తలుపు దగ్గర నిలబడింది. అభ్యర్థి తాతయ్యకి వంగి నమస్కారం పెట్టాడు.

"పెద్దాయన ఒక్క మాటనాలి. ఆయన ఓటు నాకు పడితే వీధంతా పడినట్టే."

చప్పట్లు మోగాయి. తాతయ్య లేచి గొంతు సవరించుకున్నాడు.

"నా వంతు నా మనవరాలికిస్తున్నా. రావే చిట్టీ."

బట్టల షాపాయన కంగారుపడ్డాడు. "అదేంటి తాతా! చిన్నపిల్ల. ఓటైనా లేదు."

తాతయ్య జేబులోంచి రాయి తీసి బల్ల మీద పెట్టాడు. "మీ అందరి దుకాణాల్లో ఉన్నవి నా కాటాలే. ఎందుకు కొన్నారు? చిన్న రాయికి కూడా కదులుతాయని. ఈ ఒక్క పూట మీరూ కాస్త కదలండి."

చిట్టి బల్ల దగ్గరికి వచ్చింది. ముందు లారీల సంగతి చెప్పింది. బస్సు దిగే గిరాకీ గురించి మొదలుపెట్టేసరికి, వెనక కూర్చున్నవాళ్ళు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు.

బట్టల షాపాయన తల గోక్కున్నాడు. "నిజమే సుమా. మనం బస్సు దిగేవాళ్ళ మీదే కదా బతికేది!"

అభ్యర్థి గాలి ఎటు తిరిగిందో పసిగట్టాడు. "సరే పెద్దాయనా, బస్టాపు జోలికి పోను."

"నాకు కాదు, దానికి చెప్పండి," అన్నాడు తాతయ్య.

అభ్యర్థి చిట్టి వైపు తిరిగి మళ్ళీ చెప్పాడు. తాతయ్య బల్ల మీది రాయిని తిరిగి జేబులో వేసుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే చిట్టి కాళ్ళు నేల మీద ఆనలేదు. తాతయ్య చెయ్యి పట్టుకుని ఊపింది.

"అయినా నీ వంతు నాకెందుకిచ్చావు? నువ్వే చెప్పుంటే మాటకి ఇంకా బరువుండేది. ఓటున్న మాట కదా!"

తాతయ్య అడుగుల వేగం పెంచాడు.

"ఎల్లుండి ఓటేయడానికి నువ్వెళ్ళేటప్పుడు గేటు దాకా నేనూ వస్తా."

"నీకు పద్దెనిమిది నిండాక గేటు దాకా నేనే వస్తాలే."

"అదేంటి, ఎల్లుండి నువ్వెళ్ళవా?"

తాతయ్య ఆగాడు. చిన్న రాయి తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మెల్లగా మూశాడు.

"ఏటా నేను ముద్ర వేయించుకొచ్చేది కాటాలకి కాదే. నన్నీ దేశంలో ఉండనిచ్చే కాయితానికి."

చిట్టి అర్థంకాక చూసింది.

"నాకూ ఓటు లేదమ్మా."